ప్రస్థానం మూటలు

నర్సీపట్నంలో కృష్ణదేవిపేట బాట మీద ఊరికి చివరి ఇల్లు మాది. మన్యానికి పోయే బండి ఏదైనా మా అరుగు ముందు నుంచే పోవాలి. ఆ అరుగు మీద కూర్చుని దోమతెరలు కుట్టి బతికాను. మా ఆయన దర్జీ. ఆయన పోయేసరికి నాకు మిగిలినవి ఒక చేతిమిషను, ఒక కత్తెర, చంకలో ఆడపిల్ల. ఆ పిల్ల పెరిగి, రావికమతంలో కాపురం చేసి, ఒక కూతుర్ని కని తొందరగా పోయింది. ఆ కూతురు సీతాయి ఇప్పుడు మిషను తనకిమ్మని కబురు పెట్టింది. నాకు కళ్ళు ఆనడం లేదు. మిషను మూల పడి తుప్పు పట్టడం నాకిష్టం లేదు. ఇస్తాను. మిషను తిప్పడం ఎవరైనా నేర్పుతారు. మిగతా పని ఎవరూ నేర్పరు. అందుకని సీతాయి కోసమూ, ఈ పనిలోకి రాబోయే మరే ఆడపిల్ల కోసమైనా ఇది రాస్తున్నాను.

నేను వీధిబడిలో రెండేళ్ళే చదివాను. తప్పులుంటే దిద్దుకోండి, నవ్వకండి.

మా పని ఏమిటంటే

తెర కుట్టడం సగం పని. ఆ తెర కింద ఎవరు పడుకుంటారు, ఎక్కడ పడుకుంటారు అని కనుక్కోవడం మిగతా సగం. అడవి గార్డులు, సర్వే అమీన్లు, రోడ్డు మేస్త్రీలు, పితూరీ రోజుల్లో పోలీసులు, ఎప్పుడూ ఎవరో ఒకరు కొండెక్కుతూనే ఉండేవారు. కొందరు జ్వరంతో డోలీ మీద దిగేవారు. కొందరు అసలు దిగేవారు కాదు.

తెర కోసం వచ్చిన ప్రతి మనిషినీ మూడు మాటలు అడిగేదాన్ని. ఎక్కడ పడుకుంటావు? జ్వరం వస్తే నీకు నీళ్ళెవరిస్తారు? తిరిగి ఎలా వస్తావు?

మొదటిదానికి అందరూ జవాబు చెప్పేవారు. మూడోదానికి చాలామంది చెప్పేవారు. రెండోదానికి నవ్వేవారు, మగవాళ్ళు మరీను. "జొరం వొస్తే గదా పిన్నీ" అనేవారు. "వొస్తాది బాబూ, అది మన్యం" అనేదాన్ని.

ఎవరినీ వెళ్ళొద్దని మాత్రం నేను అనలేదు. ఉద్యోగం మీద పోయేవాణ్ణి ఆపి, వాడింట్లో ఆ పూట పొయ్యి నేను వెలిగించలేను కదా. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, పట్టుకెళ్ళవలసినవి చెప్పాలి. భయపెట్టి అమ్మిన తెర, ధైర్యం చెప్పి అమ్మిన తెర, రెండూ నాకు నచ్చవు.

పరాయి ఇంట్లో మూట

ప్రయాణానికి మంచి ముహూర్తం ఒక రోజు ఉంటుంది, బయల్దేరే వీలు ఇంకో రోజు దొరుకుతుంది. అందుకని ముహూర్తం వేళకు తన మూట ఒకటి మోసుకెళ్ళి, వెళ్ళే దిక్కున ఉన్న పరాయి ఇంట్లో పెట్టి వస్తారు. దాన్నే ప్రస్థానం అంటారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. తరవాత వీలైన రోజున మూట తీసుకుని పోవచ్చు. తన ఇంట్లో తన మూట పెట్టుకుంటే ప్రస్థానం చెల్లదు, పరాయి ఇల్లే కావాలి. మాది చివరి ఇల్లు గనుక కొండెక్కేవాళ్ళ మూటలన్నీ మా నడవలోకే వచ్చేవి.

నేను ఒక షరతు పెట్టాను. "ఉంచుకుంటాను గానీ విప్పి సూస్తాను. ఇష్టమైతే పెట్టు, లేదంటే ఇంకో కొంప సూసుకో." మొదట్లో గొణిగారు. తరవాత అలవాటు పడ్డారు.

మనిషి నోటితో చెప్పనిది మూటలో కనిపించేది. జంతికలు ఉండేవి, ఇలవేలుపు కుంకుమ ఉండేది, కొత్త పంచె ఉండేది. మన్యం జ్వరానికి మింగే కొయినా మాత్రలు ఉండేవి కావు. పోస్టాఫీసులోనే పొట్లాలు అమ్మేవారు. అయినా కొనేవారు కాదు. చేదనేవారు, చెవులు గింగురుమంటాయనేవారు. మంచి ముహూర్తానికి మూట పెట్టాం, ఇంక జ్వరమేమిటనేవారు. ముహూర్తాన్ని నేను తప్పు పట్టను, నేనూ చూసుకుంటాను. కాని పంతులుగారు ముహూర్తం పెట్టేది మనిషికి. దోమకి ఎవరూ పెట్టరు. నేను జంతికలు సగం తీసేసి, ఆ చోట కొయినా పొట్లం పెట్టించేదాన్ని.

శెట్టి గారి పొదుపు

మొదట్లో నేను బట్టల కొట్టు శెట్టి గారి కింద కుట్టాను. మాట మంచి మనిషే. ఒక రోజు వచ్చి, తెర అడుగున జానెడు గుడ్డ తగ్గించెయ్యమన్నారు.

"పరుపు కిందకి దోపీ గుడ్డ పైకి కనపడదు గదమ్మా. దండగ."

"కనపడదు గనకే దోమ అక్కణ్ణించి వొస్తాది శెట్టి గారూ."

"తెర కొనీది దోమ కాదమ్మా, మనిషి."

పొదుపు గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఊడిన దారం ముక్క కూడా చుట్టి దాచే మనిషిని. అయినా ఆ జానెడు దగ్గర పొదుపు చేస్తే తెర మొత్తం దండగే. కత్తెర కింద పెట్టేశాను. ఆ తరవాత గుడ్డ నేనే తెచ్చుకుని కుట్టాను. రెండేళ్ళు గంజి ఎక్కువ తాగాం, అంతే.

బావినీళ్ళ గుమాస్తా

ఒక గుమాస్తా గారికి కొయ్యూరు బదిలీ అయింది. చదువుకున్న మనిషి, శుభ్రం గల మనిషి. మన్యం నీళ్ళు తాగితే జ్వరం వస్తుందని ఆయన గట్టి నమ్మకం. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను, అందులో తప్పులేదు. ఆయన ప్రస్థానం మూట పక్కన కావడి, రెండు ఇత్తడి బిందెలు కూడా పెట్టారు. తన పెరటి బావి నీళ్ళు నింపించుకుని వారం వారం కొండమీదకు మోయించుకుంటారట.

"తెర వద్దా బాబూ?" అన్నాను.

"నీళ్ళు మన బావివేనమ్మా. ఇంక తెరెందుకు? గాలి ఆడదు."

"నీళ్ళు లోపలికెళ్తాయి. దోమ బయటుంటాది గదండీ."

"మీరు మీ సరుకు అమ్ముకోవాలి, పాపం" అని నవ్వారు.

ఆయన మాట తప్పలేదు. పరాయి చుక్క ముట్టలేదట. సాయంత్రం కాగానే చల్లగాలికని అరుగు మీద పడుకునేవారట. వానాకాలం దాటేసరికి డోలీలో దిగారు. మనిషి బతికారు గాని కడుపులో బల్ల, అదే జ్వరపు గడ్డ, పెరిగి, ముఖం పాలిపోయి, సగం మనిషయ్యారు. ఆ రెండు బిందెలూ డోలీ వెనక కావడిలో వచ్చాయి, తళతళ తోమినవి.

ఆయన్ని చూసి నేను నవ్వలేదు. మనిషి తనకు భయం ఉన్నవైపే తలుపు బిడాయించుకుంటాడు. నేనూ అంతే, కింద చెబుతాను.

నూకాలు

నూకాలు తెరలకు అంచులు కుట్టడానికి వచ్చింది. కృష్ణదేవిపేట అవతలి పల్లె. మొగుడు పోయాక అత్తింటివాళ్ళు పొమ్మన్నారు. పండగ ముందు పని ఎక్కువై సాయానికి పిలిస్తే వచ్చింది, ఉండిపోయింది. నన్ను అక్క వరసన అప్పా అనేది. నేను మాటకారిని కాను, ఆమె నోరు మూసేది కాదు. నేను దీపం వత్తి తగ్గిస్తే ఆమె పెంచేది. "సీకట్లో కుడితే సూది నా ఏలికి తెర కుట్టీస్తాది అప్పా" అనేది. నేను తిట్టేదాన్ని. ఒకే కుండ నీళ్ళు తాగుతూ, నా కూతురు పోయిన ఏడాది కూడా, ఆ ఇంట్లో ఇద్దరం ఉన్నాం.

కలప కంపెనీ దొర ఒకరు కొయ్యూరు దగ్గర డిపోలో ఉండేవారు. ఆయన భార్యకు జ్వరం వస్తే, కనిపెట్టుకుని ఉండడానికి నూకాలుని పంపాను. దొరసాని లేచి తిరిగింది. అప్పటినుంచి ఆమెకు నూకాలు లేందే కాదు. ఆ దొరకి ఇంకో దేశంలో కలప పని దొరికింది. నూకాలు వచ్చి చెప్పింది.

"అప్పా, నన్ను ఆయాగా తోలుకుపోతారంట."

"ఎక్కడికే?"

"గోల్డుకోస్టంట. ఆఫ్రికాకి పడమటేపు. ఓడ మీద."

"ఆడేటున్నాదే?"

"ఏటున్నాదో సూడ్డానికే గదా ఎల్లడం."

నేను మిషను తిప్పుతూనే ఉన్నాను. దారం తెగింది. మళ్ళీ ఎక్కించాను.

"ఊరందరి పయనాలూ కుట్టినాను అప్పా. నాదొకటి కుట్టుకోవద్దేటి?" అని, "నువ్వు వొద్దంటే ఎల్లను. సూసి సెప్పు. అందరికీ సెప్పినట్టే సెప్పు" అంది.

ఆ మాటతో భారం నా మీద పడింది. నేను వద్దంటే ఆమె ఉండిపోతుంది. అందుకు ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఉన్న అపాయాల్నే కొంచెం గొంతు పెంచి చెబితే చాలు. నేను మిషను తిప్పిన ముప్ఫై ఏళ్ళలో అంత సులువైన తప్పు ఇంకోటి నా చేతికి అందలేదు.

సంతలో పోలయ్య

ఎవరూ చూడని దేశం గురించి ఎవర్ని అడగను? సంతకి పూడిమడక నుంచి ఎండుచేపలు తెచ్చే పోలయ్య ఒకప్పుడు ఓడ కళాసీ. ఆ ఒడ్డుకి రెండుమాట్లు వెళ్ళొచ్చానని చెప్పుకునేవాడు. పోయి అతని గంప ముందు కూచున్నాను.

"గోల్డుకోస్టు సూసినావా పోలయ్యా?"

"ఏటమ్మా, తెరలు ఆడికి కూడా అమ్ముతారేటి?" అని నవ్వాడు. నూకాలు సంగతి చెప్పేసరికి నవ్వు ఆపాడు. "ఒడ్డు మన ఇశాపట్నం ఒడ్డులాటిదేనమ్మా. ఓడ దగ్గరికి రాదు. మనిషిని కుర్చీలో కూకోబెట్టి, తాడుతో అలల్లో పడవలోకి దింపుతారు."

"మనుషులు?"

"మనలాటోళ్ళే. మనకన్నా గట్టిగా నవ్వుతారు. సంతంతా ఆడోళ్ళదే. దుంపలు దంచి ముద్ద సేస్తారు. కారం సూస్తే మనం కూడా నోరు తెరవాల."

"జొరం?"

పోలయ్య ఈగల్ని తోలాడు. "మన్యం జొరం లాటిది ఆడా ఉన్నాది. ఇంకోటున్నాదమ్మా. కళ్ళు పచ్చబడిపోతాయి, నల్లగా కక్కుతారు. మా ఓడ మీద గట్టి మనిషి ఒకడు దానికే పోనాడు. ఓడకి పసుప్పచ్చ జెండా కట్టి ఎవర్నీ దిగనివ్వలేదు."

"దానికి కొయినా పనిసేస్తాదేటి?"

"సేసుంటే ఆడు బతికీవోడు గదమ్మా."

అతను ఊరికే చెప్పకూడదని చేపలు కొన్నాను. ఇంటికొచ్చి, అతను చెప్పింది ఒక్క మాట దాచకుండా నూకాలుకి చెప్పాను. నవ్వే మనుషుల సంగతీ చెప్పాను, నల్లగా కక్కే సంగతీ చెప్పాను. ఏది ముందు చెప్పాలా అని మాత్రం దారంతా ఆలోచించాను. నవ్వే సంగతి ముందు చెప్పాను.

పగటి దోమ

తరవాత ధర్మాసుపత్రి కాంపౌండరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన డాక్టరు గారినడిగి, పుస్తకం చూసి చెప్పారు.

"ఆ పచ్చజ్వరం దోమ వేరండీ. పగలు కుడుతుంది. మురిక్కాలవలో కాదు, ఇంట్లో నిలవుంచిన మంచినీళ్ళ కుండల్లో పుడుతుంది."

"మరి నా తెర ఏటి సేస్తాదండీ?"

"రాత్రి దోమకి తెర, కొయినా. పగటిదానికి ఒంటినిండా బట్ట, కుండలకి మూత. అంతకంటే మందు నాకూ తెలీదు, మా డాక్టరు గారికీ తెలీదు."

తెలీదని చెప్పే మనుషులంటే నాకు గౌరవం. ఈ పనిలో అలాంటి వాళ్ళని వెతుక్కోండి.

తెర కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలు నేను సంచిలో దాస్తాను. వాటితో కుండలకి టోపీల్లాంటి మూతలు కుట్టి, అంచులో నాడా దూర్చాను. ముందు మా కుండకే కట్టి చూశాం. నూకాలు రెండు ముళ్ళు వేసి, "కోతి కూడా విప్పలేదప్పా!" అని చప్పట్లు కొట్టింది.

గోల్డుకోస్టులో కంపెనీ బంగళా కిటికీలకు తీగ వల ఉంటుందని దొర చెప్పారు. అది నా మొదటి మాటకు జవాబు. నూకాలు ఎప్పుడు కోరితే అప్పుడు తిప్పి పంపిస్తామని కాంపౌండరు గారి ఎదుట దొర చేత చెప్పించాను. అది మూడోదానికి. రెండోది మిగిలిపోయింది.

ఆ సాయంత్రం నూకాలుని ఎదురుగా కూచోబెట్టుకున్నాను.

"పడుకోడానికి సోటున్నాది. తిరిగొచ్చీ దారున్నాది. పచ్చజొరానికి మందు లేదు, జాగర్త ఒకటే. కానైతే జొరమొస్తే నీకు నీళ్ళెవరిస్తారో నాకు తెలీలేదే. దొరసాని పడుకుంటే నువ్విస్తావు. నువ్వు పడుకుంటే? ఆడ నీ బాస తెలిసినోళ్ళు ఒక్కరూ ఉండరు."

"నువ్వేటంటావు?"

"ఇంకెవరన్నా ఇదే మాట అడిగితే ఏటనీదాన్ని? తెలుసుకుని ఎల్లు అనీదాన్ని. నీకూ అదే."

ఆమె దీపం వత్తి పెంచి నన్ను చూసింది. "మరి నీకెవరిస్తారప్పా?" అంది.

"నా సంగతి నీకెందుకు? ఎల్లీది నువ్వు" అని కసిరాను. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ మూట

ముహూర్తం రోజున నూకాలు మూట కట్టుకుని నడవలోకి తెచ్చింది, అందరూ పెట్టే చోటే పెట్టబోయింది.

"ఇక్కడ కాదు" అన్నాను.

"ఊరంతా ఇక్కడే గదప్పా పెడతారు?"

"ఊరికి ఇది పరాయిల్లు. నీకు కాదు. నీ ఇంట్లో నీ ప్రస్థానం సెల్లదు."

ఆమె మూట ఎత్తుకుని గుమ్మంలో అలాగే నిలబడింది. తరవాత కాంపౌండరు గారింటికి మోసుకుపోయి అక్కడ పెట్టి వచ్చింది.

మర్నాడు నేను ఆయన ఇంటికి వెళ్ళి, అలవాటు ప్రకారం మూట విప్పాను. తెర ఉంది, అడుగున దోపడానికి జానెడు గుడ్డతో. కొయినా పొట్లాలు తడి తగలకుండా మైనపు గుడ్డలో చుట్టి ఉన్నాయి. కుండ మూతలు, పొడుగు చేతుల రవికలు, చింతపండు, సూదులు, దారం ఉన్నాయి. జంతికలు లేవు. తీసెయ్యవలసింది ఒక్కటీ లేదు, పెట్టవలసింది ఒక్కటీ లేదు. నేను చెయ్యవలసిన పని లేదు. మళ్ళీ అదే ముడి వేసి ఇంటికి వచ్చాను.

నేను చూడని వైపు

మరుసటి ఏడు వానల్లో నాకు జ్వరం వచ్చింది. మన్యం ఎక్కకుండానే వచ్చింది. తెరలు కుట్టిన మనిషిని, నాకంటూ పాత చిరుగుల తెర ఒకటి చాలనుకున్నాను. నా పొదుపు అలాంటిది.

మిట్టమధ్యాహ్నం నోరు పిడచకట్టుకుపోయింది. కుండ చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది. పొద్దున్న దానికి మూత కట్టింది నేనే, నూకాలు వేసినట్టే రెండు ముళ్ళు వేశాను. నాడా తడిసి బిగిసిపోయింది. నా వేళ్ళు వణుకుతున్నాయి. లాగాను, ఇంకా బిగిసింది. "నూకాలూ, నీళ్ళే" అని పిలిచాను. పిలిచాక గాని గుర్తు రాలేదు. బాట మీద బండ్లు పోతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ బండ్లలో ఎవరైనా మా ఇంటికి మూట పెట్టడానికే వస్తారు, నన్ను చూడ్డానికి రారు. నీళ్ళ పక్కన దాహంతో పడుకున్నాను.

పొద్దు వాలే వేళకు కాంపౌండరు గారు వచ్చారు. దొరసాని ఆయనకు రాసిన ఉత్తరం చదివి వినిపించడానికి వచ్చారట. నన్ను చూసి, నా కత్తెరతోనే ఆ నాడా కోసి, చెంబుతో నీళ్ళు పట్టారు. నేను తేరుకున్నాక ఉత్తరం తెలుగులో చెప్పారు.

నూకాలుకి అక్కడ జ్వరం వచ్చిందట, పచ్చజ్వరం కాదు, రాత్రిది. బంగళాలో బట్టలుతికే ఆడమనిషి ఒకామె తన చాప తెచ్చుకుని నూకాలు పక్కనే పడుకుందట, తగ్గేదాకా నీళ్ళు పట్టిందట. ఒకరి మాట ఒకరికి తెలీదట. ఇప్పుడు ఇద్దరూ కలిసి కుండలకి మూతలు కుడుతూ పగలబడి నవ్వుకుంటున్నారట. ఇంకో రెండేళ్ళు ఉంటానంటోంది, అప్పకి చెప్పమంది.

"సంతోషమేనాండీ?" అన్నారు కాంపౌండరు గారు.

"సంతోషమే" అన్నాను. అది నిజం. చెంబు ఇంకోసారి అందించమన్నాను.

ముప్ఫై ఏళ్ళు నా గుమ్మంలో నిలబడి, వెళ్ళే మనిషినే ఎగాదిగా చూశాను. నీళ్ళెవరిస్తారని వెళ్ళేవాళ్ళనే అడిగాను. మూట పెట్టి పోయిన ప్రతివాడి వెనకా ఒక ఇల్లు ఉండేది, ఆ ఇంట్లో ఎవరో ఉండేవారు. వాళ్ళని ఒక్కసారైనా అడగాలని నాకు తోచలేదు. నూకాలుకి తోచింది. నేను కసిరాను.

ఇంతకంటే నేర్పడానికి నా దగ్గర లేదు. తెర అడుగున జానెడు గుడ్డ వదలండి. మూట విప్పి చూడండి. తెలీనిది తెలీదని చెప్పండి. కొండెక్కేవాడు మూట పెట్టి పోయాక, వాడి ఇంటికి కూడా ఒకసారి వెళ్ళి రండి.

సీతాయీ, మిషను తీసుకుపోవడానికి నువ్వు ఎప్పుడు వస్తావో ముందుగా కబురు పెట్టు. పీటతో సహా తీసుకో, సూదులు డబ్బాలో ఉన్నాయి. బండి ఎక్కేముందు లోపలికి వచ్చి, కుండ మూత విప్పి, ఒక చెంబు నింపి నా మంచం పక్కన పెట్టి వెళ్ళు.